వరమ్మ ముఖం

ప్రేమజ్యోతి ఎవరి బొమ్మ గీసినా చివరికి ఒకే మనిషి తయారయ్యేది. పాస్టరమ్మను గీసినా, ఆఫీసులో అటెండరు మద్దమ్మను గీసినా అవే పెద్ద కళ్లు, అదే సన్నటి ముక్కు. పత్తికొండలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా ఆమె. పెళ్లి చేసుకోలేదు. నలభై దాటాక ఈ బొమ్మల పిచ్చి పట్టుకుంది. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నది చాలక, రెండో శనివారం సెలవు వస్తే బస్సెక్కి కర్నూలు పోయి, రిటైరైన డ్రాయింగు టీచరు కృష్ణవేణమ్మ దగ్గర కూర్చోసాగింది.

కృష్ణవేణమ్మ ఆ కాగితాలన్నీ తిరగేసి కళ్లజోడు తీసింది.

"నువ్వు చూసి గీయడం లేదు జ్యోతీ. కన్నంటే ఇట్లుంటాదని మనసులో ఒకటి పెట్టుకోని, దాన్నే అందరికీ అతికిస్తాండావు. ఫోటోలు పక్కన పెట్టు. ఒక మనిషిని ఎదురుగా కూచోబెట్టుకో. విసుగొచ్చేదాకా ఆ మనిషినే చూడు."

అంత ఓపిగ్గా కూర్చునేది ఎవరు? అక్క వరమ్మ తప్ప.

వరమ్మ టమాటా మార్కెట్లో కాయలు ఏరే పనికి పోయేది. భర్త పోయి చాలాకాలమైంది. కొడుకు ఏసుకుమార్ కడపలో సెల్‌ఫోన్ల షాపు నడుపుతున్నాడు. అక్కాచెల్లెళ్లవి ఎదురెదురు ఇళ్లు. సాయంత్రం వరమ్మ పని నుంచి వచ్చి, స్నానం చేసి, వక్కాకులో పొగాకు కలిపి దవడన పెట్టుకుని, చెల్లెలి ఇంట్లో కిటికీ పక్కన కుర్చీలో కూర్చునేది. మార్కెట్లో ఎవరు ఎవరిని తిట్టిందీ చేతులు తిప్పుతూ చెప్పేది.

"నోరు అట్లా కదిలిస్తా ఉంటే ఎట్లా గీసేదక్కా?"

"నోరు మూసుకుంటే అది నేనెట్లయితానే?"

జ్యోతి నవ్వుకుంటూనే చూడటం నేర్చుకుంది. అక్క ముక్కు కొంచెం ఎడమకు వంగి ఉంటుందని ఇన్నేళ్లకు తెలిసింది. ఒక కనురెప్ప రెండోదానికన్నా కిందికి వాలి ఉంటుందని తెలిసింది. బొమ్మల్లోకి మెల్లగా వరమ్మ రావడం మొదలైంది.

చలికాలంలో ఒక సాయంత్రం బొమ్మ ఎంతకీ కుదరలేదు. ఎన్నిసార్లు చెరిపినా కుడి చెంప పెద్దదిగానే వస్తోంది. చెయ్యి తప్పుతోందనుకుంది. చివరికి లేచి దగ్గరికి పోయి చూసింది. తప్పు బొమ్మలో లేదు. చెంపే వాచి ఉంది.

"లోపల పుండు లేసిందే. ఉప్పునీళ్లు పుక్కిలిస్తాండా. తగ్గుతాదిలే."

తగ్గలేదు. కర్నూలులో డాక్టర్లు ముక్క తీసి పరీక్షకు పంపి, క్యాన్సరన్నారు. ఆపరేషను చేసి కుడి దవడ ఎముక తీసేశారు. ఛాతీ మీది కండ తెచ్చి చెంపకు కుట్టారు.

ఇంటికొచ్చాక వరమ్మ కొంగు ముఖం మీదినుంచి తీయలేదు. నోరు ఒక పక్క మూసుకునేది కాదు, మాట ముద్దగా వచ్చేది. మార్కెట్ నుంచి ఆడవాళ్లు చూడటానికి వచ్చి గోడకేసి మాట్లాడారు, నేలకేసి మాట్లాడారు, పోయారు. జ్యోతి రంగులన్నీ ట్రంకుపెట్టెలో పెట్టేసింది.

కొన్నాళ్లకు వరమ్మే అడిగింది.

"ఏమే, బొమ్మలు మానుకుంటివా?"

"ఇప్పుడెందుకులే అక్కా."

"ఇప్పుడెందుకంటే? నా మొగం చూడలేకనా?"

వరమ్మ కొంగు తీసింది.

"అందరూ నేల చూసి మాట్లాడతాండారే నాతో. నువ్వన్నా నన్ను చూడు."

మర్నాడే జ్యోతి కాన్వాస్ బిగించింది. మొదటి బొమ్మలో తనకు తెలియకుండానే చెంప నింపేసింది, కుట్లు పలచన చేసింది. వరమ్మ దాన్ని చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇది పోయినేటి వరమ్మ. ఇందులో నేను యాడుండా?"

జ్యోతి గుడ్డతో రంగంతా తుడిచేసింది. మళ్లీ మొదలుపెట్టింది. నీడకు నలుపు వేయొద్దు, నీడలోనూ రంగుంటుందని కృష్ణవేణమ్మ ఎప్పుడూ చెప్పేది. ఆ దవడ పల్లంలో రంగు వెతకాలంటే దానివైపే చూస్తూ కూర్చోవాలి. చూసింది. కుట్ల వెంట ఊదా, అతికించిన చర్మం అంచున పసుపు. కళ్లు మసకబారితే కొంగుతో తుడుచుకుని మళ్లీ చూసింది. వరమ్మ ఇప్పుడు కదిలేది కాదు, మాట్లాడేది కాదు. ఆ నిశ్శబ్దమే జ్యోతికి భరించరానిదయ్యేది.

ఎండలు ముదిరేసరికి జబ్బు మెడలో తిరగబెట్టింది. మనిషి వారానికి వారం తగ్గిపోతుంటే, వేసిన ముఖాన్ని జ్యోతి మళ్లీ మళ్లీ మార్చాల్సి వచ్చింది. ఒక ఆదివారం జ్యోతి చర్చి నుంచి వచ్చి పటం ముందు కూర్చున్నప్పుడు, వాలిన రెప్ప కింద కంటిలో చిన్న వెలుగు పెట్టింది. చెయ్యి ఆగిపోయింది. పటాన్ని అక్క వైపు తిప్పింది.

వరమ్మ చాలాసేపు చూసింది.

"నేనే," అంది.

ఆ సాయంత్రం పక్కింటి సంతోషమ్మ పాలగిన్నెతో లోపలికి వస్తే, వరమ్మ కొంగు పైకి లాక్కోలేదు.

తొలకరి పడకముందే వరమ్మ పోయింది. జ్ఞాపకార్థ కూడికకు ఏసుకుమార్ ఫ్లెక్సీ వేయించాడు. ఎప్పటిదో పెళ్లి ఫోటోలోంచి తీసిన ముఖం, మచ్చ లేకుండా నున్నగా దిద్దించాడు. జ్యోతి పటం తెచ్చి గుడ్డ విప్పితే అతడు చప్పున తల తిప్పుకున్నాడు.

"చిన్నమ్మా, నీకు దండం పెడతా, దీన్ని ఈడ పెట్టొద్దు. మా అమ్మను జనం ఇట్లా గుర్తుపెట్టుకోకూడదు."

జ్యోతికి కోపం రాలేదు. గుడ్డ మళ్లీ చుట్టింది.

తర్వాతి రెండో శనివారం పటాన్ని కర్నూలు తీసుకుపోయింది. కృష్ణవేణమ్మ దాన్ని వెలుతురులో పెట్టి, దూరం జరిగి, దగ్గరికొచ్చి చూసింది. ఎన్నో ఏళ్లు పిల్లల బొమ్మలు దిద్దిన అలవాటు. నోటినుంచి మాట జారిపోయింది.

"మెడ కొంచెం పొడుగైంది."

"తెలుసు మేడం. మళ్లా కూచున్నప్పుడు చూసి దిద్దుదామనుకుంటి." జ్యోతి పటం అంచు మీద వేలు పెట్టింది. "అంతలోనే..."

కృష్ణవేణమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఆ ముఖానికి ఎదురుగా అట్లాగే కూర్చున్నారు.

మధ్యాహ్నం బస్సులో జనం తోసుకుంటుంటే, ఎవరి మోచెయ్యీ తగలకుండా జ్యోతి పటాన్ని ఒళ్లో నిలబెట్టి, రెండు చేతులా పట్టుకుని పత్తికొండ దాకా కూర్చుంది. ఇంట్లో కిటికీ పక్క గోడకు తగిలించింది. మెడను మాత్రం ముట్టుకోలేదు.