నలుపు పనికిరాదన్నారు

నేను ఒక కంప్యూటర్ తెరను. పుట్టుకతో నాకు నీలం ముఖం ఇచ్చారు. అది ఎవరికీ నచ్చలేదు. మొదట ఒక నెట్ సెంటర్లో ఉన్నాను. వచ్చినవాడల్లా తన అభిమాన హీరోని నా మొహాన అతికించి పోయేవాడు. తర్వాతివాడు వాణ్ణి పీకి తన హీరోని పెట్టేవాడు. అభిమానమంటే ఇదేనని నాకు అక్కడ తెలిసింది.

ఆ సెంటర్ మూతపడ్డాక అమలాపురంలో శుభలేఖలు అచ్చువేసే పంచాక్షరిగారు నన్ను కొన్నారు. నా ముందు కూర్చుని టైపు చేసేది సుగుణ. ఆమెకు చూపు మందగిస్తోంది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. పని పోతుందన్న భయంతో ఆమె ఎవరికీ చెప్పలేదు. నన్ను పూర్తిగా నల్లగా మార్చి, పసుపుపచ్చ అక్షరాలను గుమ్మడికాయలంత చేసుకుని హాయిగా పని చేసుకునేది.

ఒక శుక్రవారం పంచాక్షరిగారి కన్ను నామీద పడింది.

"పెళ్లికార్డులు పుట్టే చోట ఈ నలుపేంటమ్మా? పైగా చెత్తబుట్ట ఈశాన్యంలోనా!"

నా పైవైపు ఉత్తరమని ఆయనకెవరు చెప్పారో తెలియదు. చెత్తబుట్ట బొమ్మను నైరుతికి ఈడ్చి, నాకు పసుపు రంగు పులిమి, అక్షరాలను కుంకుమ రంగులో ఆవగింజలంత చేశారు. నన్ను చూసి దణ్ణం కూడా పెట్టుకున్నారు. మళ్లీ నల్లగా మారిస్తే ఎందుకని అడుగుతారని సుగుణకు భయం. కుర్చీని నాకు దగ్గరగా లాక్కుంది.

మర్నాటి నుంచి ఆమె ముక్కు నాకు తగులుతూనే ఉంది. నాకు జాలేసింది, కానీ నా రంగు నా చేతిలో లేదు.

వారం తిరక్కుండానే ఒక పెళ్లికొడుకు మేనమామ కార్డుల కట్టతో ఊడిపడ్డాడు.

"మావోడి పేరు ముందు చి.ల.సౌ. ఏంటండీ? ఈడు సౌభాగ్యవతి ఎప్పుడయ్యాడండీ?"

మళ్లీ వేసిస్తానని ఆయన్ని పంపేసి, పంచాక్షరిగారు సుగుణను నా దగ్గరకు పిలిచారు.

"ఏదీ, ఆ లైను చదువు."

ఆమె వంగింది. ఇంకా వంగింది. ఆమె ఊపిరికి నా అద్దం మసకబారింది. ఆయన ముఖంలో కోపం అక్కడే ఆగిపోయింది.

"నలుపుంటే అన్నీ కనపడతాయండి బాబాయిగారూ. పనిలోంచి తీసెయ్యకండి," అంది సుగుణ ఏడుస్తూ.

ఆయన నాకేసి చూశారు. నలుపు మంచిదనడానికి నోరు రావడం లేదు.

"పెళ్లికూతురి బుగ్గన దిష్టిచుక్క పెడతారు కదా," అన్నారు చివరికి. "అది నలుపే కదమ్మా."

"చుక్కంటే చిన్నదండి బాబాయిగారూ."

"మన షాపుకి దిష్టెక్కువ. మొత్తం పూసెయ్."

నేను నల్లబడ్డాను. సుగుణ కళ్లు తుడుచుకుని, పెళ్లికొడుకుని మళ్లీ ఉత్త చిరంజీవిని చేసి, కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుని కార్డంతా పైకి చదివింది.