మేనేజరు గారి అమ్మాయి

"అత్తా, నొప్పి! మెల్లగా దువ్వు," అంది నా కూతురు.

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. తలుపులు వేసే ఉన్నాయి. ఇంట్లో పరాయివాళ్లు ఎవరూ లేరు. వంటగదిలో మా అత్తగారు నూడుల్స్‌లోకి ఎండుమిరపకాయలు వేయిస్తోంది. ఆ ఘాటుకు నా గొంతు మండుతోంది. మధ్యాహ్నం విలేఖరుల ముందు మాట్లాడవలసిన గొంతు.

"ఇంట్లో అమ్మా అనాలి కదా న్యాన్‌న్యాన్?" అన్నాను, వీలైనంత మామూలుగా.

"ఇంట్లో ఒకటీ బయట ఒకటీ అంటే మర్చిపోతున్నా. బయట తప్పుగా పిలిస్తే నాన్న తిడతాడు. అందుకే అన్నిచోట్లా అత్తా అనే అంటా," అంది ఆరేళ్ల పిల్ల, లెక్కలో సులువైన దారి దొరికినట్టు.

వంటగదిలోంచి అత్తగారు నవ్వింది. "చూశావా, నీకంటే నయం! దానికి ఒక్కసారి చెబితే చాలు. ముప్పై మూడేళ్లొచ్చాయి, నీకు రోజూ చెప్పాలి."

నేను థాన్ వెయ్‌లాన్‌ని. మా ఛాంగ్షాలో ఏ టాక్సీ ఎక్కినా నా పాట వినబడుతుంది. బ్యాంకాక్‌లో, జకార్తాలో, పారిస్‌లో చైనీస్ ముక్క రాని పిల్లలు నా పాటలు అక్షరం పొల్లుపోకుండా పాడతారు. వాళ్లందరి దృష్టిలో నాకింకా పెళ్లి కాలేదు. నా భర్త పెంగ్ జున్‌షెంగ్ వాళ్లకు నా మేనేజరు, అంతే. న్యాన్‌న్యాన్ ఆయన కూతురు. తల్లి ఎవరని ఎవరైనా అడిగితే "ఆ సంగతి వదిలేయండి" అని ఆయన తల దించుకుంటాడు. అడిగినవాళ్లు పాపం అనుకుని ఊరుకుంటారు. నేను కడుపుతో ఉన్నప్పుడు నా మడమ విరిగిందని నా పాటలు విడుదల చేసే కంపెనీ ప్రకటించింది. ఏడు నెలలు ఈ ఇంట్లోనే పరదాలు దించుకుని కూర్చున్నాను. నా మడమ బాగుపడాలని ఊరూరా పిల్లలు ఉత్తరాలు రాశారు. బాలింత నెల దాటిన పదో రోజు రిహార్సల్‌కు వెళ్తే, నాలుగో పాటకే గౌను ముందుభాగం పాలతో తడిసిపోయింది. దుస్తులు చూసే షూ అనే అక్క ఒక్క మాట కూడా అడగకుండా లోపల గుడ్డ మడతలు పెట్టి కుట్టింది. "ఇంకో రెండేళ్లు ఓర్చుకో, నీ పేరు నిలబడ్డాక చెప్పేద్దాం," అన్నాడు ఆ రోజు జున్‌షెంగ్. పేరు నిలబడింది. "ఇప్పుడా? ఇంత పేరు వచ్చాకా?" అన్నాడు. పేరు లేనప్పుడూ కుదరలేదు, వచ్చాకా కుదరలేదు. ఎప్పుడు కుదురుతుందో అడగడం నేనే మానేశాను.

గత వారం ఒక ఫోటో బయటికొచ్చింది. పార్కులో న్యాన్‌న్యాన్ వాంతి చేసుకుంటోంది, నేను వీపు నిమురుతున్నాను. నా ముఖం అందులో పాటలు పాడే ముఖంలా లేదు. "ఎవరీ పాప?" అని లోకమంతా అడుగుతోంది. ఈ మధ్యాహ్నం హోటల్లో యూరప్ పర్యటన ప్రకటించాలి. ఆ ప్రశ్న కూడా అక్కడే తేల్చేయాలని కంపెనీవాళ్లు అన్నారట. నాతో కాదు, జున్‌షెంగ్‌తో. తొమ్మిదేళ్లుగా వాళ్లు నాతో చెప్పవలసినవన్నీ ఆయనతోనే చెబుతారు.

కారులో జున్‌షెంగ్ గొంతుకు వేసుకునే మాత్ర విప్పి నా చేతిలో పెట్టాడు. అలాంటివి ఎప్పుడూ మర్చిపోడు.

"మళ్లీ ఒకసారి చెప్పు."

"ఆ పాప మా మేనేజరు గారి అమ్మాయి. నాకు మేనకోడల్లాంటిది."

"'లాంటిది' దగ్గర కొంచెం నవ్వు. కొత్తా ఏమైనా?"

"ఇంట్లో కూడా అత్తా అంటోంది."

"మంచిదే కదా, నోరు జారదు." నా వైపు చూసి గొంతు తగ్గించాడు. "వెయ్‌లాన్, ఎవరికోసం చేస్తున్నా ఇదంతా? మనకోసమే కదా!"

ఆ 'మన'లో ఎంతమందిమి ఉన్నామో నేను అడగలేదు. పెళ్లి కబురు బయటపడ్డ మరుసటి నెలకే జనం మర్చిపోయిన గాయనిని నేనెరుగుదును. నా వెనక ఇరవై నాలుగు మంది వాద్యకారులున్నారు, వాళ్లకూ ఇళ్లున్నాయి. అవన్నీ నిజమే. కానీ ఇవాళ నేను కెమెరా ముందు చెప్పేది ఎక్కడికీ పోదు. న్యాన్‌న్యాన్‌కి పదేళ్లొచ్చాక ఫోన్లో చూస్తుంది. నా నవ్వుతో సహా చూస్తుంది. చూసి, నమ్మేస్తుంది.

హాలు నిండిపోయింది. ఫోటో గురించి అడగడానికి కంపెనీవాళ్లు ముందే ఒకతన్ని కుదిర్చి ఉంచారు. అతని వంతు రాకముందే వెనక వరసలోంచి ఒక నడివయసు ఆవిడ లేచి, ఏ పత్రికో కూడా చెప్పకుండా అడిగింది. "పదకొండు ఊళ్లంటున్నారు. మీతో ఎవరెవరు వస్తున్నారు?"

మామూలు ప్రశ్న. జున్‌షెంగ్ తన కాగితాల్లోంచి తలెత్తను కూడా లేదు.

"ఇరవై నాలుగు మంది వాద్యకారులు," అన్నాను. "ఇద్దరు సౌండ్ ఇంజనీర్లు. దుస్తులు చూసే షూ అక్క. మా అమ్మాయి."

ముందు వరసలో ఎవరో తడబడుతూ అడిగారు. "అంటే... మేనేజరు గారి అమ్మాయా?"

"ఆయన అమ్మాయే. నా అమ్మాయి కూడా. కన్నది నేను."

తిరుగు ప్రయాణంలో జున్‌షెంగ్ ఫోన్ మోగుతూనే ఉంది. "ఏం చేశావో తెలుస్తోందా నీకు? వాళ్లకి నేనేం చెప్పాలి?"

"నీకు చెప్పడం రాకపోతే ఇటివ్వు."

ఇవ్వలేదు. నేనే తీసుకున్నాను. నా పేరు చెప్పాను. పేరు విన్నా అవతల కంపెనీ మనిషి ఒక్క క్షణం ఎవరా అని తడుముకున్నాడు, నా గొంతు అతనికి పాటలో తప్ప తెలియదు.

చాలామంది తిట్టారు. కొందరు నా బొమ్మలు చించి ఆ వీడియోలు పెట్టారు. మా అత్తగారు నెలరోజులు నాతో మాట్లాడలేదు. జున్‌షెంగ్ ఇంట్లోనే ఉన్నాడు, ముభావంగా. పదకొండు ఊళ్లలో నాలుగు రద్దయ్యాయి. ఏడు ఊళ్లలో పాడాను. రద్దయిన ఆ నాలుగు రోజులూ మాకు ఖాళీ. లిస్బన్‌లో న్యాన్‌న్యాన్ ట్రాము ఎక్కుదామంది. పట్టపగలు ఎక్కాం. ఎదుటి సీటులో ఒక చైనా అమ్మాయి నన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది. ఎవరైనా గుర్తుపడితే పిల్ల చెయ్యి వదిలేసి రెండడుగులు పక్కకు జరగడం నాకు ఆరేళ్ల అలవాటు. నా వేళ్లు వాటంతట అవే సడలాయి. మళ్లీ బిగించాను.