అది చేతికేనే, తవిటమ్మా

తవిటమ్మ తల తడిగా ఉంది. జుట్టు విరబోసుకుని డయాలసిస్ గదిలో ఆఖరి మంచం మీద కూర్చుని ఉంది, ఆ మంచం కింద గచ్చు లేదు, జీడితోట ఇసుక ఉంది, నేను ఆ ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ ఆమె దగ్గరికి నడుస్తున్నాను, ఎంత నడిచినా మంచం అంతే దూరంలో ఉంటోంది, అలిసి ఆగగానే అదే పక్కకు వచ్చి నిలబడుతోంది. నా భార్య పోయి మూడేళ్లయిందని నాకు తెలుసు. ఆమెకు ఆ సంగతి ఎవరైనా చెప్పారో లేదో తెలియదు కాబట్టి ఆ మాట ఎత్తడం లేదు.

"తలకెందుకు పోసుకున్నావే? పైపులోకి నీల్లెల్తే మల్లీ సలిజొరం వొస్తాది."

"పైపేదీ మావా?" అని మెడ చూపిస్తోంది.

నిజమే, లేదు. డయాలసిస్ కోసం మెడలో వేసిన ఆ పైపు ఉన్నన్నాళ్లూ ఆమె తలంటుకోలేదు, తడిగుడ్డతో తుడుచుకునేది, చివరికి ఆ పైపు దారినే విషం రక్తంలో కలిసింది, జ్వరం పట్టుకుంది, మనిషిని తీసుకుని గానీ వదల్లేదు. ఇప్పుడు అక్కడ కొంచెం కుంకుడు నురుగు మిగిలి ఉంది, అంతే.

గది గోడ కరిగి బస్టాండు గోడ అవుతోంది, దాని మీద పచ్చ రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు, మొలలు, ఫిస్టులా, ఆపరేషన్ లేకుండా నయం. ఆ గోడ ముందు తవిటమ్మను చూసిన డాక్టరు నిలబడి, ఆనాటిలాగే తల ఎత్తకుండా, "ఈవిడకి ఫిస్టులా చేయించాలి" అని మాకు కాదు, చేతిలోని కాగితానికి చెప్పి, బస్సెక్కి వెళ్లిపోతున్నాడు. వాడిని నేను క్షమించలేదు. కలలో కూడా క్షమించను.

"అప్పుడు వొద్దని మొండికేసినావు. ఎందుకే?" అని అడుగుతున్నాను.

"సిగ్గేసింది."

"సిగ్గేటి?"

ఆమె కళ్లతో గోడను చూపించి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటోంది. "అదెక్కడ సేస్తారో నాకు తెల్దేటి? మా సిన్నాన్నకి సేసినారు కాదా, నెల్లాల్లు బోర్లా పడుకున్నాడు. వారంవారం అక్కడ సూదులు గుచ్చుతారంటే, ఆ మొగోల్ల ముందర... సచ్చినా నయమే అనుకున్నాను."

"ఒలే, అది సేతికేనే!"

"సేతికా?"

"సేతికే. ఇక్కడ సిన్న కోత పెట్టి, లోపల రెండు నరాలు కలుపుతారు. కొన్నాల్లకి అది లావెక్కుద్ది, సెవి ఆనిస్తే లోపల రగతం జుమ్మని మోత ఇనిపిస్తాదంట, సూది అందులో గుచ్చుతారు, మెడకి పైపక్కర్లేదు. పేరొకటే గానీ ఆ రోగం ఏరే, ఇది ఏరే. పోయిన్నెల నర్సమ్మ నా సెయ్యట్టుకుని సెప్పింది. తిరిగొస్తా ఆ గోడ సూసినాక నీ మొండితనం ఇందుకేనేమోనని అనుమానమొచ్చింది."

తవిటమ్మ నన్ను, గోడను, తన చేతిని మార్చి మార్చి చూసుకుని, కొంగు వదిలేసి పగలబడి నవ్వుతోంది, ఆ నవ్వుకు మంచాలన్నీ పడవల్లా ఊగుతున్నాయి. ఊగుతూ ఊగుతూ ఉండగానే ఆమె ముఖం మారుతోంది.

"నీ సెయ్యెందుకట్టుకుంది?"

"నా కిడ్నీలూ పోతన్నాయి. రేపు కోతకి రమ్మన్నారు. నానెల్లను."

"ఏం?"

"నిన్ను సంపిన ఆసుపత్రది. దాని గుమ్మం తొక్కను."

"తొక్కకపోతే ఆ డాక్టరుకేటి నెప్పి? ఆడు నిన్నెరగడు, నన్నెరగడు. ఎల్లకపోతే ఆనక నీకూ మెడకే పైపేస్తారు, తలంటు లేకుండా కంపుకొడతా, వొణికిపోతా నా పక్కకొచ్చి పడతావు. నీ గురక లేకుండా నాకిక్కడ సుబ్బరంగా నిద్దరడతంది. రాకు."

"అంత బరువైపోనానా?"

"ఇప్పుడే రాకన్నాను."

నా ఎడమ చేతిని ఒళ్లోకి లాక్కుని, సంతలో ఆనపకాయను నొక్కి చూసినట్టు ముంజేయంతా నొక్కి చూస్తోంది. "కొబ్బరి పీచు తీసిన సెయ్యి, నరాలు తాల్లలాగున్నాయి. ఇలాటి సెయ్యెట్టుకుని ఏడుస్తావేటి?" అని మణికట్టుకు చెవి ఆనిస్తోంది, ఆమె తడి జుట్టు నా చేతి మీంచి జారుతోంది, ఆ నీళ్లు ఇసుకలో చిన్న కాలువ అవుతున్నాయి.

"ఇనిపిస్తంది మావా. పొలంలో మోటారేసినట్టు."

"ఇంకా కొయ్యందే ఏటినిపిస్తాదే?"

"నోర్ముయ్. ఇననీ."

నేనూ తల వంచి చెవి పెడుతున్నాను. ఆ మోత నాకూ వినిపిస్తోంది, ముందు ఆమె చెవిలోంచి, తరవాత నా వేళ్లలోంచి, కాలువ నిండుతోంది, మంచం తేలుతోంది, ఆమె తల బరువు మెల్లగా...

మెలకువ వచ్చింది. తెల్లవారుతోంది. ఎడమ చెయ్యి నా తల కిందే ఉండిపోయి తిమ్మిరెక్కింది, మణికట్టు నుంచి వేళ్ల చివరిదాకా జుమ్మని ఒకటే మోత. వెంటనే విదిలించబుద్ధి కాలేదు. ఆ మోత తగ్గేదాకా మంచం మీద కూర్చుని, పిడికిలి మూసి తెరిచి, మూసి తెరిచి, ఆ చేతికున్న గడియారం విప్పి కుడి చేతికి పెట్టుకున్నాను. కోత పెట్టే ఈ చేతికి ఇక మీదట ఏదీ బిగించొద్దని నర్సమ్మ చెప్పింది. మొదటి బస్సుకు ఇంకా టైముంది.