కంది పొడిలో నల్లపూసలు

నల్లగండ్ల అపార్ట్‌మెంట్లన్నీ జల్లెడ పట్టినా ఓబులేసంత జాగ్రత్త మనిషి దొరకడు. బీరువాకు తాళం వేసి, ఆ తాళంచెవిని ఇంకో పెట్టెలో పెట్టి, దానికీ తాళం వేసే రకం. ఇందులో రవ్వంత కల్పన లేదు, నా మాట నమ్మండి.

కూతురు సుష్మ పుట్టింటికొచ్చి, నల్లపూసలు మరిచిపోయి కొండాపూర్ వెళ్లిపోయింది. అత్తగారు పెట్టిన బంగారు గొలుసది. సాయంత్రం వ్రతానికి ఆ అత్తగారే వస్తోంది. "పార్శిల్ బండి మీద పంపు నాన్నా" అని ఫోన్.

ఓబులేసు యాప్ తెరిచాడు. పార్శిల్‌లో ఏముందని అడిగింది. బంగారమని రాస్తే దొంగకు కబురంపినట్టే కదా! గొలుసును కంది పొడి డబ్బా అడుగున పాతిపెట్టి, "కంది పొడి" అని రాశాడు. బండి మీద వచ్చిన కుర్రాడు తిరుపతికీ అదే చెప్పాడు. తన తెలివికి తనే మురిసిపోయి మీసం దువ్వుకున్నాడు.

కాసేపటికి తిరుపతి ఫోన్.

"తాతా, సంచి జిప్పు ఊడింది. డబ్బా యాడనో పడిపోయింది. ఎన్కకు పోయి చూసిన, దొరకలే. జర పరేషాన్ గాకు, పొడే గద! కొత్తది కొనిస్త."

ఓబులేసు సోఫాలో కూలబడ్డాననుకున్నాడు గానీ కూలబడింది నేలమీద.

లేచి, కింది ఫ్లాట్ లాయరమ్మ కృష్ణప్రియ దగ్గరికి పరుగెత్తాడు. "కంపెనీ మీద కేసేద్దామమ్మా!"

"ఏమని వేస్తాం బాబాయ్? పోయింది వాళ్ల చేతిలోనే, ఒప్పుకుంటారు. కానీ అప్పగించింది కంది పొడని మీరే రాసిచ్చారు. వాళ్ల జవాబుదారీ పొడి వరకే. బంగారమని రాసుంటే అసలు తీసుకునేవాళ్లే కాదు."

"మరి గొలుసు?"

"పోలీసులకు చెప్పి చూద్దాం. అక్కడ మాత్రం పొడని రాయకండి."

ఇంట్లో భార్య పార్వతమ్మ నెత్తి కొట్టుకుంది. "ఏమయ్యా, ఇప్పుడు వాళ్లత్తకు ఏమని చెప్పల్ల? నువ్వే చెప్పు, నా బిడ్డ నోటితో చెప్పియ్యొద్దు!"

ఓబులేసు వియ్యపురాలికి ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

"కంది పొడిలోనా?" అని ఆవిడది ఒక్క మాట. ఫోన్ పెట్టేసింది.

చీకటి పడకముందే తిరుపతి కొత్త డబ్బా తెచ్చి రెండు చేతులా అందించాడు. "లెక్క సాఫ్ తాతా!" అని నవ్వుకుంటూ వెళ్లాడు.

పార్వతమ్మ వేడన్నం పెట్టి, పొడి వేసి, నెయ్యి పోసి, కంచం ముందుకు తోసింది. "తిను. నీ కూతురి నల్లపూసలు."

జరిగింది జరిగినట్టే చెప్పాను. నెయ్యి మాత్రం నేను పోసిందే. ఆ పూట ఆమె నెయ్యి గిన్నె ముట్టనేలేదు.