పచ్చచుక్క

డిపార్టుమెంటులో అందరూ ఆమెను పటాలమ్మ అంటారు. పరిశోధనను లావుపాటి పుస్తకంగా కుట్టించి అలమరలో పెడితే బొద్దింకలకు తప్ప ఎవరికీ పనికిరాదని ఆమె వాదన. అందుకే ఊరి తాగునీటి మీద తాను చేసిన పనంతా ఫోనులో కదిలే పటంగా మార్చింది. వేలితో జరుపుతూ పోతే వీధి వెంట వీధి తన కథ చెప్పుకొస్తుంది. చేతిపంపు బొమ్మ నొక్కితే ఆ నీళ్ళు తాగేవాళ్ళ మాటలు వినిపిస్తాయి. నీళ్ళలో ఆర్సెనిక్ విషం ఉంటే ఎర్రచుక్క, లేకపోతే పచ్చచుక్క. అక్షరం ముక్క రానివాళ్ళకు కూడా ఇట్టే అర్థమైపోతుంది. అదే కొంప ముంచింది.

పటం జనంలోకి వెళ్ళి ఏడాదైందని విశ్వవిద్యాలయం వాళ్ళు సభ పెట్టారు. ముందు వరుసలో పటాలమ్మ చెల్లెలు, ఆమె ఒళ్ళో నాలుగేళ్ళ కూతురు. సభ మొదలయ్యేలోగా అక్క వచ్చి పలకరించింది.

"మా ఇంటి ముందు పంపు ఎర్రచుక్క అన్నావుగా, ఆ రోజే మానేశానక్కా," అంది చెల్లెలు. "ఇప్పుడు సందు చివర పంపే. మోయలేక నడుం పడిపోతోందనుకో. అయినా మా అక్క పటంలో పచ్చగా ఉందని వీధి వీధినంతా అటే తిప్పాను."

"సందు చివర ఏ పంపు?"

"రేకుల షెడ్డు లోపల ఉంటుందే, అది."

ఆ పంపు నీళ్ళు పటాలమ్మ పరీక్షించనేలేదు. వెళ్ళిననాడు షెడ్డుకు తాళం వేసి ఉంది. మళ్ళీ వద్దాంలే అనుకుని పట్టికలో ఆ గడి ఖాళీగా వదిలేసింది, పనుల్లో పడి మరిచిపోయింది.

వేదిక వెనక్కి పరుగెత్తి లాప్‌టాప్ తెరిచింది. ఖాళీ గడిని కంప్యూటరు సున్నాగా తీసుకుంది. సున్నా అంటే విషం లేదని, పచ్చరంగు పూసేసింది. వెతికేకొద్దీ అలాంటి పచ్చచుక్కలు ఇంకా బయటపడ్డాయి. ఎంత చదివి ఏం లాభం, ఏడాదిగా ఆ పటాన్ని పదిమందికి చూపించి మురిసిపోయింది గాని, ఒక్కసారి పట్టికతో సరిచూసుకుంటేనా?

ఆమె పరిశోధనకు గైడైన ప్రొఫెసరు వచ్చి సంగతంతా విన్నాడు.

"సభ కానివ్వమ్మా. పెద్దలంతా వచ్చేశారు. రాత్రికి మెల్లగా సరిచేసేద్దాం."

"సాయంత్రం మళ్ళీ నీళ్ళు పట్టుకుంటారు సార్," అని పటాలమ్మ వేదికెక్కి మైకు అందుకుంది. ఏ చుక్కలు అబద్ధమో తెర మీద ఒక్కొక్కటే చూపించింది. చప్పట్లకు సిద్ధమైన చేతులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

చెల్లెలు బిడ్డను భుజానికి హత్తుకుని లేచి నిలబడింది.

"అయితే మేం తాగేవి విషమా అక్కా?"

"తెలీదే. ఆ నీళ్ళు నేను చూడలేదు."

"తెలీదని రాస్తే మేమే ఎవరినో ఒకరిని అడుక్కునేవాళ్ళం కదక్కా. నువ్వు చెప్పావనే నేనెవర్నీ అడగలేదు," అని చెల్లెలు ఫోను తీసి, వీధిలో ఒక్కో ఇంటికీ చెప్పడం మొదలుపెట్టింది.