అడ్డు నిలబడకండి

నేను ఒక నల్లటి పెట్టెను. మీ అరచేతిలో ఇమిడిపోతాను. మంచిర్యాలలో పాత సామాను కొట్టు వెనక ఒక గోనెసంచిలో ఉన్నాను. నా మీద పగిలిన మిక్సీ మూత, నా కింద కాలిపోయిన చార్జర్లు. ఈ సహవాసం మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఇవి నడవవు. నా దారికి అడ్డం రావు. మీరంటేనే నాకు గిట్టదు.

కారణం చెబుతాను. మీ ఇళ్లలో ఉండే వైఫై పెట్టె మెత్తని మనిషి లాంటిది. దాని తరంగం ఒక్కొక్కటీ రెండు అంగుళాల నుంచి ఐదు అంగుళాల పొడవుంటుంది. గోడ వచ్చినా, తలుపు వచ్చినా ఎలాగో దూరి అవతలికి పోతుంది. నేను అలా పుట్టలేదు. నా తరంగం సెకనుకు ఆరు వేల కోట్ల సార్లు కంపిస్తుంది. దాని పొడవు ఒక పెసరగింజంత. అంత చిన్న తరంగం గోడను దాటలేదు. తడి ఉన్న దేన్నీ దాటలేదు. మీరు పీల్చే ప్రాణవాయువు కూడా దాన్ని కొంచెం కొంచెంగా తింటుంది, అందుకే దూరం వెళ్లే కొద్దీ నేను నీరసిస్తాను. ఒక గదికి మాత్రమే నేను రాజును. ఆ గదిలో నాకు శత్రువు ఎవరయ్యా అంటే, మీరే. మీ దృష్టిలో మీరు మనుషులు. నా దృష్టిలో నడిచే నీటికుండలు. నాకూ, నా మాట వినే జంట పెట్టెకూ మధ్య ఒక కుండ వచ్చి నిలబడిందా, అంతటితో నా మాట ఆగిపోయినట్టే.

ఈ లోపానికి బదులుగా నాకు ఒక వరం ఉంది. వెడల్పు. వైఫైలో మాట పోయే దారిని చానల్ అంటారు. పాత వైఫై చానల్ కాలిబాట లాంటిది, ఇద్దరు ఎదురైతే భుజాలు తగులుతాయి. అలాంటి కాలిబాటలు వంద పక్కపక్కన పరిస్తే నా ఒక్క చానల్ అవుతుంది. మా తరానికి అలాంటివి నాలుగు ఏర్పాటు చేశారు, మా తర్వాతి వాళ్లకు ఆరు. వీటిలో ఏవి వాడుకోవచ్చో ఒక్కో దేశం తన చట్టంలో రాసుకుంటుంది. పక్క గదిలో నాలాంటిదే ఇంకొకటి అదే చానల్‌లో అరిచినా నాకు వినపడదు. మధ్యలో గోడ ఉంది కదా. మీరు గోడలు కట్టుకుని పోట్లాడుకుంటారు. మేము గోడ ఉండబట్టే పోట్లాడుకోము.

నేను తయారైన చోట గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. తెల్ల గౌన్లు వేసుకున్నవాళ్లు గోరంత పలక మీద ముప్పైరెండు చిన్న యాంటెన్నాలు అతికించారు. అవి అన్నీ ఒకేసారి పలకవు. ఒక్కొక్కటీ రవ్వంత ఆలస్యంగా పలుకుతుంది, ఆ ఆలస్యాల లెక్కతో అన్నిటి గొంతూ కలిసి ఒకే దిక్కుకు సన్నని ధారలా పోతుంది. ఏ దిక్కో ముందు తెలియదు. అందుకని మొదట గది మూలమూలకూ ఒక్కో చిన్న కేక వేస్తాను. నా జంట ఏ కేక బాగా వినపడిందో చెబుతుంది. ఇక అటే తిరిగి ఉంటాను. ఇంత శ్రద్ధగా వినేవాళ్లను మీలో నేను చూడలేదు.

మొదట నన్ను హైదరాబాదులో ఒక ఆటల దుకాణంవాళ్లు కొన్నారు. అక్కడ కుర్రాళ్లు కళ్లకు గంతల్లాంటి అద్దాలు కట్టుకుని గాలిలో కత్తులు తిప్పేవారు. ఆ దుకాణం మూతపడింది. నన్ను, నా జంటను కలిపి శ్రీహరి చవగ్గా కొని మంచిర్యాలకు తెచ్చాడు.

శ్రీహరిది పెళ్లిళ్ల వీడియో స్టూడియో. బస్టాండు దగ్గర ఒక మేడ మీద పెద్ద గది. ఆ గదిలో ఒక పక్క తీసిన వీడియోలన్నీ దాచే యంత్రం, ఇంకో పక్క వాటిని కత్తిరించి అతికించే బల్ల. బల్ల దగ్గర పని అతని వదిన సువర్ణది. ఆ రెంటికీ మధ్య వేసిన తీగను ఎలుకలు రెండుసార్లు కొరికాయి కాబట్టి నన్ను తెచ్చాడు. నేను యంత్రం పక్కన, నా జంట బల్ల మీద. మా ఇద్దరి మధ్య ఖాళీ నేల. గోడకు ఆనుకుని ఒక ఇనుప బీరువా. ఎవరైనా మధ్యలోకి వచ్చినా నా ధారను ఆ బీరువా తలుపు మీద కొట్టి, అక్కణ్నుంచి మళ్లించి బల్లకు చేర్చేదాన్ని. కొన్నాళ్లు బాగానే గడిచింది.

తర్వాత ఒక సీజన్‌లో శ్రీహరికి పెళ్లిళ్లు తగ్గాయి. ఎదురుగా కొత్త స్టూడియో వచ్చిందని, వాళ్లు డ్రోను ఎగరేస్తున్నారని సువర్ణ చెప్పింది. అతను వినలేదు. వాస్తు చెప్పే ఆయన్ను పిలిపించాడు. ఆయన గడపలో నిలబడే అన్నీ చెప్పేశాడు. కరెంటు వస్తువు అగ్ని కాబట్టి ఆగ్నేయ మూలకు పోవాలి. బరువు కాబట్టి బీరువా నైరుతికి పోవాలి. మరునాటికి యంత్రాన్నీ నన్నూ ఆగ్నేయ మూలకు జరిపారు. ఎండ పడే కిటికీ ఉన్నది అక్కడే. బీరువా నా చూపుకు అందని మూలకు పోయింది. బల్లకు నాకు మధ్య ఇప్పుడు సరిగ్గా గిరాకీలు వచ్చి నిలబడే చోటు వచ్చింది. నాకు పసుపు బొట్టు పెట్టి, పైన నిమ్మకాయ కట్టారు. నిమ్మకాయలో కూడా నీళ్లే ఉంటాయని వాళ్లకు తోచలేదు. అదృష్టం కొద్దీ అది ఎండి రాలిపోయింది.

ఆ రోజు నుంచి గదిలోకి ఎవరొచ్చినా నా నోరు మూతపడేది. అలాంటప్పుడు నాతోపాటే ఉన్న పాత కాలిబాట చానల్ మీదికి దిగి, కుంటుతూ నడిచేదాన్ని. శ్రీహరి నన్ను తిట్టేవాడు. అరచేత్తో నెత్తిన ఒకటి వేసేవాడు. ఈలోగా మనుషులు వెళ్లిపోయేవారు, నేను మళ్లీ పరుగెత్తేదాన్ని. తన దెబ్బకే బాగుపడ్డానని అతని నమ్మకం. చివరికి నన్ను పాత సామానుకు వేసింది కూడా అతనే.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం మునీందర్ సార్ వచ్చాడు.

ఆయన ఊరి బయటి హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. ఆయన భార్య విమల టీచర్ కూడా ఆ బడిలోనే సైన్సు చెప్పేది. ఆ బడిలో స్వపరిపాలన దినం జరిగినప్పుడు వీడియో తీసింది శ్రీహరే. ఆ రోజు పదో తరగతి పిల్లలు చీరలు, పంచెలు కట్టుకుని టీచర్లవుతారు. టీచర్లు బెంచీల మీద కూర్చుని పిల్లలవుతారు. ఆ తర్వాత విమల టీచర్ చనిపోయింది. ఎలాగన్నది ఆ గదిలో ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడను.

సార్‌కు కావలసింది ఒకటే. ఆ రోజు ఆమె వెనక బెంచీలో కూర్చున్న క్లాసు. బడికి ఇచ్చిన వీడియోలో అది లేదు. సర్పంచి ప్రసంగం, మండల విద్యాధికారి ప్రసంగం, దండలు, కొబ్బరికాయలు, అన్నీ ఉన్నాయి. ఆమె ఉన్నది మాత్రం కత్తిరించిన ముక్కల్లో పోయింది. ఆ ముక్కలు ఇంకా నా పక్కనున్న యంత్రంలోనే ఉన్నాయి. కానీ అవి దాచిన డిస్కు ఆగ్నేయపు ఎండకు పాడైంది. తిరుగుతున్నప్పుడు టక్కుటక్కుమంటోంది. ఇంకొక్కసారి చదివితే చదువుతుంది, తర్వాత నమ్మకం లేదు. అది చెడేలోగా క్లాసంతా బల్ల దగ్గరికి చేరాలి.

శ్రీహరి మొహం మాడ్చుకున్నాడు. శ్రావణ మాసం ముహూర్తాలకు కొత్త డిస్కులు బిగించాలని, పాతవి తీసేయబోతున్నామని అన్నాడు. ఎడిట్ చేసింది ఇచ్చేశామని, బడివాళ్లు సంతకం కూడా పెట్టారని అన్నాడు.

“అండ్ల ఆమె లేదు హరీ,” అన్నాడు సార్.

“ఉన్నది సార్. దండ ఏసేటప్పుడు పక్కపొంటి కనవడ్తది.”

“చెయ్యి కనవడ్తది. నేను జూసిన.”

సువర్ణ కుర్చీ తిప్పింది. “డిస్కు తియ్యకు మరిదీ. తిరిగేదాన్ని కదిలిస్తే అసలుకే పోతది. ఉన్న కాడికెల్లే గుంజుకుంట,” అంది.

మొదలుపెట్టింది. సరైన ముక్కేనా అని తెలుసుకోవడానికి వస్తున్నది వస్తున్నట్టే తెర మీద ఆడిస్తోంది. సార్ గోడ పక్క స్టూలు మీద, నా దారికి దూరంగా కూర్చున్నాడు. నేను ఇష్టం లేకపోయినా పని మొదలుపెట్టాను. తరగతి గది కనిపించింది. నల్లబల్ల ముందు ఎవరిదో పెద్ద చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఒక ఆడపిల్ల ధ్వని పాఠం చెబుతోంది. కెమెరా మెల్లగా వెనక బెంచీల వైపు తిరిగింది.

సార్ లేచాడు. రెండడుగులు ముందుకు వేశాడు. బొమ్మ ఆగిపోయింది.

వెనక బెంచీలో విమల టీచర్ చెయ్యెత్తబోతోంది. చెయ్యి సగంలో ఉంది. నోరు తెరుచుకోబోతూ ఉంది. సార్ అక్కడే నిలబడి చూస్తున్నాడు. నిండు మనిషి, నా ధారకు అడ్డంగా. నేను కాలిబాటలోకి దిగి కుంటడం మొదలుపెట్టాను. పక్కన డిస్కు టక్కుటక్కుమంటోంది.

శ్రీహరి వచ్చి నా నెత్తిన కొట్టాడు. ఏమీ కాలేదు. మళ్లీ కొట్టాడు. అలసటతో కాబోలు సార్ వెనక్కి జరిగి కూర్చున్నాడు. బొమ్మ కదిలింది. శ్రీహరి తన చేతిని మెచ్చుకోలుగా చూసుకున్నాడు. ఆమె చెయ్యి పైకి లేచింది. సార్ మళ్లీ లేచాడు. ఆమె మళ్లీ ఆగింది.

ఇది ఇలాగే సాగింది. ఆమె కదిలితే ఆయన లేస్తాడు. ఆయన లేస్తే ఆమె ఆగుతుంది. నాకు విసుగు తప్ప మరేదీ కలగలేదు. నా ఎదురుగా ఉన్నది ఒక నీటికుండ, అది దుఃఖంతో ఉన్నా లేకున్నా నాకు అడ్డమే.

సువర్ణ తెర వైపు చూడటం మానేసి సార్ కాళ్ల వైపు చూసింది. ఆ తర్వాత నా వైపు. నెమ్మదిగా చెప్పింది.

“సార్, మీరు లేసినప్పుడే ఆగుతది.”

“నేనేం జేసినమ్మా?”

“మీరేం చెయ్యలే. ఆ డబ్బాకు మనిషి అడ్డముంటే పడది. మీరు జరంత కూసోండి.”

కూర్చున్నాడు. ఈసారి రెండు చేతులతో స్టూలు అంచులు పట్టుకున్నాడు. అయినా ఆమె ముఖం తెర మీదికి రాగానే లేచి నిలబడ్డాడు. తాను లేచిన సంగతి ఆయనకే తెలిసినట్టు లేదు. డిస్కు చప్పుడు మారింది. ఇప్పుడు గీసుకుపోతున్న చప్పుడు. ఇక ఎక్కువసేపు తిరగదని నాకు తెలుసు. శ్రీహరికీ తెలిసింది.

“బయటికి పోండి సార్,” అన్నాడు, కటువుగానే. “మీరుంటే రాదు.”

“ఆమెను జూస్త హరీ. గంతే.”

“మీరు చూస్తుంటే రాదు సార్,” అంది సువర్ణ. “మీరు పోతేనే వస్తది.”

సార్ ఆ మాటలో తప్పు ఎక్కడుందో వెతుకుతున్నట్టు నిలబడ్డాడు, నల్లబల్ల మీద పిల్లవాడి లెక్క చూస్తున్నట్టు. తప్పు దొరకలేదు. బయటికి వెళ్లాడు. తలుపు వేసింది సువర్ణ. చెప్పులు విడిచే చోట మెట్టు మీద కూర్చున్నాడని తర్వాత ఆమె శ్రీహరితో అంది.

గది ఖాళీ అయింది. నా ఎదుట దారి నేరుగా, శుభ్రంగా ఉంది. నేను పరుగెత్తాను. నా వెడల్పంతా పరిచి, ఉన్న బలమంతా పెట్టి పరుగెత్తాను. ఎవరి మీదా దయతో కాదు. అడ్డం లేనప్పుడు నేను అలాగే పరుగెత్తుతాను. తరగతి గది, చీర కట్టిన పిల్ల, వెనక బెంచీ, అంతా బల్ల చేరింది. చేరిన కాసేపటికి డిస్కు ఒక్కసారి గీరుకుని ఆగింది. శ్రీహరి దాన్ని తట్టి చూశాడు. మళ్లీ తిరగలేదు.

సువర్ణ తలుపు తీసింది. పక్కకు జరిగి దారి ఇచ్చింది. సార్ వచ్చి సరిగ్గా నా ఎదుట నిలబడ్డాడు. నా ధార ఆయన వీపుకు తగిలి అక్కడే చచ్చింది. కానీ వీడియో ఇప్పుడు బల్ల దగ్గరే ఉంది, నాతో పని లేదు. ఎవరు ఎక్కడ నిలబడినా ఆమె ఇక ఆగదు.

వెనక బెంచీలో విమల టీచర్ చెయ్యి పూర్తిగా లేచింది.

“టీచర్, నాకు సమజ్ కాలే. మళ్లొక్కసారి చెప్తరా?”

పిల్లలంతా నవ్వారు. చీర కట్టిన పిల్ల నవ్వలేదు. సుద్దముక్క ఉన్న చేతిని నడుముకు ఆనించి, బహుశా రోజూ ఆ గదిలో వినపడే గొంతునే పెట్టింది.

“ఎన్నిసార్లడిగినా చెప్తనమ్మా. కూసో.”

ఆమె కూర్చుంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ పిల్ల మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. చెబుతుండగా బడి గంట మోగింది. అందరితోపాటే విమల టీచర్ కూడా పుస్తకం సంకలో పెట్టుకుని, పిల్లల మధ్యలోంచి తోసుకుంటూ, తెర అంచు దాటి బయటికి వెళ్లిపోయింది. ఖాళీ బెంచీలు కాసేపు కనిపించి, బొమ్మ ఆరిపోయింది.

“మళ్ల పెట్టుమంటరా సార్?” అడిగింది సువర్ణ.

“వద్దమ్మా,” అన్నాడు సార్. “గంట గొట్టిండ్రు.”