మెర్ల్ ఫెటరాల్ఫ్ చొక్కా తోక

పెన్సిల్వేనియా కొండల్లో జింకల వేటకి వెళ్ళి గుండు తప్పినవాడికి జైలు లేదు, జరిమానా లేదు. చొక్కా తోక కత్తిరిస్తారు, అంతే. తోకంటే వెనక ప్యాంటులోకి దోపుకునే భాగం. దాన్ని కత్తిరించి, పేరూ సంవత్సరమూ రాసి, వేటగాళ్ళ బస గోడకి మేకు కొట్టి వేలాడదీస్తారు. ఏ తాతలు పెట్టారో గానీ ఈ ఆచారం ముందు చిన్నా పెద్దా తేడా లేదు. హాకెన్‌బెరీల బస గోడమీద అలాంటి తోకలు నలభై దాకా ఉన్నాయి. అందులో పదకొండు ఒక్క డెల్మర్ హాకెన్‌బెరీవే. అతని బావ మెర్ల్ ఫెటరాల్ఫ్‌ది ఒక్కటి కూడా లేదు.

ముప్ఫై రెండేళ్ళుగా లేదు. ఊళ్ళో ఆ మాట చెప్పని మనిషి లేడు. చెప్పించుకోని రోజు మెర్ల్‌కి అన్నం సయించేది కాదు. అయితే చివరి నాలుగేళ్ళ సంగతి వేరు. నాలుగేళ్ళుగా ఆయన అసలు తుపాకీ పేల్చలేదు. గాలి ఎదురొచ్చిందనీ, కొమ్ములు చిన్నవనీ, ఎండ కళ్ళలో పడిందనీ ఏటా ఒక సాకు. అసలు కారణం ఒంటిమీదే ఉంది. ఎరుపు నలుపు గళ్ళ మందపాటి చొక్కా. ఆయన భార్య ఆర్లీన్ చివరిగా కుట్టిన బట్ట అది. కుట్టిన రెండు నెలలకే ఆమె పోయింది. అది వేసుకోకుండా వేటకి వెళ్ళడానికి మనసొప్పదు. వేసుకెళ్ళి గుండు తప్పితే దానికి కత్తెర పడుతుంది. కుడికంటికేమో పొర కమ్ముతోంది. ఇక పేల్చకపోవడమే మేలనుకున్నాడు పాపం.

ఆర్లీన్ కుట్టులో చేయి తిరిగిన మనిషి. ఈ ఒక్క చొక్కా మాత్రం ఎందుకో వంకరగా వచ్చింది. వెనకభాగం తొడలదాకా జారింది, తోక దగ్గర బొంతంత మందం.

"ఇదేమిటే, చొక్కా కుట్టమంటే పరుపు కుట్టావు?" అన్నాడు మెర్ల్ ఆ రోజు.

"నోర్మూసుకుని తొడుక్కో. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది" అంది ఆమె.

జబ్బు వల్ల చేయి ఆడలేదనుకుని ఆయన మరి నోరెత్తలేదు. దోపుకుంటే వెనక మూటలా లేచేది, కుర్చీలో ఓ పక్కకి ఒరిగి కూర్చునేవాడు. అయినా ఏడాదికోసారి బయటికి తీసి, తిరిగొచ్చాక పసిబిడ్డకి స్నానం చేయించినట్టు ఉతికి దాచుకునేవాడు.

ఈ ఏడు కూడా నవంబరులో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు కాక ఆ మర్నాడు, శనివారం, తెల్లవారుతుండగా బావా బావమరుదులు ప్రభుత్వ వేటభూమి గేటు దగ్గర బండి ఆపారు.

"ఏం బావా, తుపాకీ గొట్టంలో పిట్ట గూడు కట్టిందేమో చూసుకున్నావా?" అన్నాడు డెల్మర్, నారింజరంగు టోపీ సర్దుకుంటూ.

"నీ తోకలన్నీ కలిపి కుడితే బసకి పరదాలొస్తాయిరా బామ్మర్దీ. నువ్వా నాకు చెప్పేది?"

"పరదాలైతే అయ్యాయి. పేల్చాను కాబట్టి తప్పింది. పేల్చనివాడికి తప్పేదేముంటుంది?"

ఆ మాట మెర్ల్‌కి ఎక్కడో గుచ్చుకుంది. తుపాకీ భుజాన వేసుకుని కొండ ఎక్కేశాడు.

పైన ఆయనకి అలవాటైన మొద్దు మీద అప్పటికే వెర్నా క్రెస్లర్ కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్ళు బడి బస్సు నడిపి మానుకున్న మనిషి. అద్దంలో చూసి వెనక సీట్లో ఎవడు ఎవణ్ణి గిల్లాడో చెప్పగలిగిన కళ్ళు ఆమెవి. ఇప్పుడు ఆ కళ్ళకి దుర్భిణి తగిలించి అడవిలో పిట్టల్నీ జంతువుల్నీ చూస్తోంది. చూసినదల్లా గంటతో సహా నోటుపుస్తకంలో రాసుకుంటుంది.

"వెర్నా గారూ, వేట మొదలయ్యే రోజున కూడా పిట్టలేనా? అది నా మొద్దండీ" అన్నాడు మెర్ల్ గుసగుసగా.

"మీ పేరు చెక్కి ఉందా మెర్ల్ గారూ? ఈ అడవి అందరిదీ. తుపాకీ ఉన్నవాళ్ళదీ, నాలాంటి వాళ్ళదీ. ఎవరూ జింకనుకుని పేల్చకుండా నారింజ చొక్కా వేసుకున్నాను, నోరు మూసుకున్నాను, ఇంకేం కావాలి?"

సర్లెమ్మని ఆయన మొద్దు రెండో కొస మీద, ఓ పక్కకి ఒరిగి, సర్దుకున్నాడు.

ఎనిమిదీ నలభైకి వచ్చింది జింక. కొమ్ములకి ఎనిమిది కొనలున్న మగజింక, నలభై అడుగుల దూరంలో, పెరట్లో లేగదూడలా నిలబడి మెర్ల్‌ని చూసింది. గాలి లేదు, ఎండ లేదు, కొమ్ములు చిన్నవి కావు. సాకులన్నీ అయిపోయాయి. 'పేల్చనివాడికి తప్పేదేముంటుంది' అన్న డెల్మర్ గొంతు చెవిలో గింగురుమంది. ఆయన చెయ్యి దానంతటదే లేచింది.

ఢాం!

జింక చెవులు ఆడించింది. ఇంకో ఆకు కొరికింది. తోక ఎత్తుకుని నింపాదిగా లోయలోకి దిగిపోయింది. దానికి పది అడుగుల పైన హెమ్లాక్ చెట్టు కొమ్మ ఒకటి కిర్రుమని విరిగి కిందపడింది.

వెర్నా పుస్తకం తీసింది. "ఎనిమిదీ నలభై. మగజింక, ఆరోగ్యంగా ఉంది. హెమ్లాక్ కొమ్మ, చనిపోయింది."

"వెర్నా గారూ, మీకు పుణ్యముంటుంది, అది రాయకండి! ఈ చొక్కా ఆర్లీన్ కుట్టింది. కత్తిరిస్తారు" అన్నాడు మెర్ల్.

ఆమె కలం ఆగింది. "రాసింది కొట్టెయ్యను. అడగందే ఎవరికీ చెప్పను కూడా. అడిగితే మాత్రం అబద్ధమాడను."

అంతలోనే కింద నుంచి డెల్మర్ జింకని ఈడ్చే తాడు భుజాన వేసుకుని రొప్పుతూ వచ్చాడు. ఆ కొండల్లో లెక్క అలాంటిది మరి: ఒక్క మోత వినబడితే మాంసం, రెండైతే అనుమానం, మూడైతే రాత్రికి చిక్కుళ్ళే గతి.

"ఒక్కటే మోత! అదీ మా బావంటే! ఏదీ, ఎక్కడ పడింది?"

మెర్ల్ నోటికి ఏమొస్తే అది అనేశాడు. "తగిలింది. పరిగెత్తింది."

ఓరి దేవుడో, ఎంత తెలివితక్కువ మాట! ఇంకే అబద్ధమైనా నడిచేది. గాయపడ్డ జింకని దొరికేదాకా వెతకాలి, చీకటిపడినా సరే, బసలో ఉన్నవాళ్ళంతా రావాలి. అది తోకల ఆచారం కన్నా పాతది. డెల్మర్ ఈల వేశాడు. అరగంటలో బస పెద్ద లూథర్, ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి, పొయ్యి మీద చిక్కుళ్ళ చారు వదిలేసి, అరిగిపోయిన మోకాలితో కర్ర పట్టుకుని కొండ ఎక్కాడు.

"నెత్తురు ఎక్కడ చూశావురా అబ్బాయ్?" అన్నాడు ఆయాసపడుతూ.

మెర్ల్‌కి అరవై తొమ్మిది. లూథర్‌కి మాత్రం ఎప్పుడూ అబ్బాయే.

"అటు... ఆ ఫెర్న్ మొక్కల్లో."

ముగ్గురూ వంగి వంగి వెతికారు. ఒక్క చుక్క లేదు. రెండో వాగు దాటారు. వెర్నా పుస్తకం చంకలో పెట్టుకుని వెనకే నడుస్తోంది. మూడో గట్టు దగ్గర లూథర్ కాలు జారి, రాయి పట్టుకుని నిలబడ్డాడు. ముఖం పాలిపోయింది.

"పదండి, పదండి. నొప్పితో ఎక్కడ పడుందో నోరులేని జీవం. నా మోకాలిదేముంది" అన్నాడు.

మెర్ల్ ఇక ఓర్చుకోలేకపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఆగు పెద్దాయనా. తగల్లేదు. గుండు తప్పింది. హెమ్లాక్ కొమ్మకి తగిలింది. కావాలంటే వెర్నా గారిని అడగండి."

అందరూ ఆమెవైపు తిరిగారు. వెర్నా పుస్తకం తెరిచి చదివింది.

డెల్మర్ మొదట నోరు తెరిచాడు. తర్వాత ఆనందం పట్టలేక తాడు గాల్లోకి విసిరాడు. "బావా! మా బావకి తప్పిందహో!" అని లోయంతా మారుమోగేలా అరిచాడు. లూథర్ మాత్రం మెర్ల్‌ని కిందికీ పైకీ చూసి, "నన్ను మూడు గట్లు ఎక్కించావు కదరా గాడిదా. నీకు రెండు తోకలు కత్తిరించాలి" అన్నాడు.

బసలో చారు అడుగంటింది. గోడమీద పదకొండు తోకల పక్కన డెల్మర్ మేకూ సుత్తీ సిద్ధం చేశాడు. వెర్నాని కూడా చారుకి పిలిచారు, సాక్షి కాబట్టి. మెర్ల్ చొక్కా విప్పి బల్లమీద పరిచాడు. అరచేత్తో ముడతలు సవరించాడు. మళ్ళీ సవరించాడు.

"కత్తిరించరా. తప్పింది నాకు, ఆచారం అందరిదీ" అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు.

డెల్మర్ కత్తెర తీసుకుని తోక పట్టుకున్నాడు. అప్పుడు చూశాడు మెడపట్టీ లోపల చిన్న అక్షరాలతో అక్క పేరు. నవ్వు ఆగిపోయింది. "ఇది అక్క కుట్టిందా బావా? ముందే చెప్పొచ్చుగా! లూథర్ మామా, ఇది వద్దు. నాది కత్తిరించండి, పన్నెండోది అవుతుంది, ఏం పోయింది?"

"తప్పిందెవరికో తోక వాడిదే" అన్నాడు లూథర్. కానీ చూపు గోడవైపు తిప్పుకున్నాడు.

"మీ మగాళ్ళకి కళ్ళు దేవుడెందుకిచ్చాడో!" అంటూ వెర్నా చారు గిన్నె పక్కన పెట్టి వంగింది. "చొక్కా అంతా నల్లదారం. ఈ తోక చుట్టూ మాత్రం ఎర్రదారం. పైగా ఇది కచ్చా కుట్టు. ఒక కొస పట్టుకుని లాగితే ఊడొస్తుంది. ఊడదీయడానికి వేసే కుట్టే ఇది. కత్తెర కింద పెట్టు డెల్మర్."

ఆమె సూదిమొనతో ముడి విప్పి దారం లాగింది. సరసరా ఊడొచ్చింది. చేతిలోకి ఒక తోక వచ్చింది, నిండుగా, చక్కగా అంచు మడిచి కుట్టింది. దాని కింద చొక్కాకి ఇంకో తోక. దాని చుట్టూ మళ్ళీ ఎర్రదారం. దాన్ని కాస్త ఎత్తి చూస్తే అడుగున మరొకటి. అన్నిటికన్నా కింద, చొక్కా అసలు తోక, నల్లదారంతో, కొలత ప్రకారం, ఒక్క వంకర లేకుండా.

డెల్మర్ ఎర్రదారం తోకల్ని వేలుపెట్టి లెక్కపెట్టాడు.

"మూడు" అన్నాడు డెల్మర్ చివరికి. "మూడుసార్లు తప్పుతావని లెక్కేసిందిరోయ్ మా అక్క!"

మెర్ల్ బల్లమీద గుద్ది పగలబడి నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. "దొంగముండ! ముప్ఫై ఏళ్ళూ నా గురి గురించి ఊరంతా చెప్పుకుని తిరిగింది. లోపల మాత్రం నమ్మలేదు చూడు. నేను నాలుగేళ్ళు భయపడి చచ్చానే ఆర్లీన్, ఒక్క ముక్క చెప్పి పోవాల్సింది!"

"చెప్పింది కదా, పనికొస్తుందని" అన్నాడు డెల్మర్, ముక్కు తుడుచుకుంటూ.

లూథర్ ఆ తోకమీద పేరు రాశాడు, సంవత్సరం రాశాడు. మెర్ల్ తనే సుత్తి తీసుకుని గోడకి కొట్టాడు. దాని పక్కన ఇంకో రెండింటికి చోటు ఉండేలా డెల్మర్ తన తోకల్ని కాస్త జరిపాడు. తర్వాత మెర్ల్ చొక్కా తొడుక్కుని, మునుపటికన్నా పలచగా దోపుకుని, తుపాకీ అందుకున్నాడు.

"ఎక్కడికి బావా, చారు తాగవా?"

"వచ్చి తాగుతా. పొద్దుగూకేదాకా వేళ ఉంది" అన్నాడు మెర్ల్ తలుపు తీస్తూ. "ఇంకా రెండు ఇచ్చింది నాకు."